నేను ఎగ్గొట్టిన చరణం

మేముండే చోటు పేరు ఐన్ ఖాలిద్. అరబ్బీలో ‘ఐన్’ అంటే కన్ను అనీ, నీటి ఊట అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఖాలిద్ అనే పెద్దమనిషి పేరున ఇక్కడ ఒకప్పుడు ఒక ఊట ఉండేదన్న మాట. నేనుంటున్న ఇన్నేళ్ళలో ఆ ఊట ఎక్కడుండేదో చూపించిన వాళ్ళు మాత్రం దొరకలేదు. ఇప్పుడు ఉన్నవి గోధుమరంగు గోడల విల్లాలు, స్కూలు బస్సులు, సూపర్ మార్కెట్లు. దోహా నగరానికి నైరుతి మూల ఇది. మా కాంపౌండు నుంచి పడమరగా కారులో పది నిమిషాలు పోతే ఇండస్ట్రియల్ ఏరియా వస్తుంది. అక్కడ వీధులకి పేర్లుండవు, నెంబర్లే. వేల మంది కూలీలు ఉండే గదులు, గ్యారేజీలు, గోదాములు అన్నీ అక్కడే. ఈ దేశంలో తెలుగువాళ్ళు రెండు రకాలు అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది గానీ, ఆ పది నిమిషాల రోడ్డు మీద పోయిన ప్రతిసారీ కాదని వాదించే ధైర్యం చాలదు.

2019లో మా కాంపౌండు వాళ్ళం కొందరం కలిసి బతుకమ్మ చేసుకున్నాం. పూలు ఇండియా నుంచి విమానంలో వచ్చాయి. స్టేజీ మాత్రం ఇక్కడే కట్టించాం. ప్లైవుడ్డు పలకలూ ఇనుప పైపులూ తెచ్చి పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కడే నిలబడి కట్టినాయన మెట్‌పల్లి దగ్గరి మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. నాది జగిత్యాల. అంటే మా ఇద్దరి ఊళ్ళకీ మధ్య బస్సులో గంట దూరం కూడా ఉండదు.

ఆ రోజు నేను గోరటి వెంకన్న గారి ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాడాను. పాడటం అంటే గొప్పగా ఊహించుకోకండి. ఇంజనీరింగ్ హాస్టల్లో బకెట్ మీద దరువేసుకుంటూ నేర్చుకున్న విద్య అది. ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలే అని మా కార్యదర్శి గారు గట్టిగా చెప్పారు. పాట పెద్దది. అందుకని పల్లవి ఉంచి, మధ్యలో కొంత తీసేసి, చివరికి దూకాను. ఎవరూ గమనించలేదు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఒకావిడ కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

పదకొండింటికి స్టేజీ విప్పుతుంటే నేను పక్కన నిలబడి చాయ్ ఇచ్చాను. ఆయన చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి అన్నాడు: “సార్, పాట శాన మంచిగ పాడిండ్రు. గని నడుమ మాదాన్ని ఎందుకు ఎగవెట్టిండ్రు?”

నాకు వెంటనే అర్థం కాలేదు. ‘మాది’ అంటే ఏమిటని అడిగాను. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె వాళ్ళ పనులు ఒక్కొక్కటీ ఎలా ఆగిపోయాయో వరసగా చెప్పే చరణం ఒకటుంది. అందులో వడ్లవాళ్ళ బాడిశ ప్రస్తావన వస్తుంది. చెక్కని చెక్కే ఆ పనిముట్టు పేరు ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు. ఆయన వడ్లాయన. ఊళ్ళో వాళ్ళ నాన్న నాగళ్ళు, బండి చక్రాలు, తలుపులు చేసేవాడు. పంటకి పంటకి రైతులు కొలిచే మేర ధాన్యంతో ఇల్లు నడిచేది. ట్రాక్టర్లు వచ్చాక నాగలి పోయింది, నాగలితో మేర పోయింది. కొడుకు బొంబాయి మీదుగా గల్ఫ్ వచ్చి షట్టరింగ్ కార్పెంటర్ అయ్యాడు. కాంక్రీటు పోసేముందు దానికి ఆకారం నిలిపే చెక్కల పెట్టె కట్టడమే షట్టరింగ్ పని. కాంక్రీటు గట్టిపడగానే చెక్కలు ఊడదీస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆయన కట్టిన చెక్కపని ఒక్కటి కూడా ఏ బిల్డింగులోనూ మిగలదు.

ఐదు నిమిషాల కోసం నేను తీసేసింది ఆయన చరణం.

ఈ చిన్న సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు. నా పాట అనుకుని పాడాను, ఆయన కూడా తన పాట అనుకునే విన్నాడు. ఒకే పాట ఇద్దరిదీ ఎలా అయింది? అసలు కొందరు పాటగాళ్ళ మాట వినగానే ‘ఇది నా గురించే’ అని ఎందుకు అనిపిస్తుంది? మా వృత్తిలో ఒక నమ్మకం ఉంది: అందరికీ పనికొచ్చేలా రాయాలంటే ఎవరి పేరూ లేకుండా రాయాలి. కోడ్ విషయంలో అది నిజమే. పాట విషయంలో పూర్తిగా తలకిందులని నాకు తోస్తుంది. నేను చరిత్రకారుణ్ణి కాదు. శుక్రవారాలు చదువుకున్నదీ, అడిగి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ నేల సంగతి. చమురు రాకముందు ఖతార్ బతికింది ముత్యాల మీద. ఏటా ఎండాకాలం నాలుగు నెలలు పడవలు సముద్రం మీదే ఉండేవి. మునిగేవాణ్ణి ‘గైస్’ అంటారు, పైనుంచి తాడు లాగేవాణ్ణి ‘సైబ్’ అంటారు, పడవ నాయకుడు ‘నఖుదా’. వీళ్ళతో పాటు పడవలో ‘నహ్హామ్’ అని ఒకడుండేవాడు. అతని పని పాడటం. తెరచాప ఎత్తేటప్పుడు ఒక పాట, తెడ్లు వేసేటప్పుడు ఒకటి, రాత్రి అలసి పడుకున్నప్పుడు ఇంకొకటి. పాటకి కూలీ ఇచ్చి మరీ మనిషిని పెట్టుకున్నారంటే ఆ పాట ఎంత అవసరమో చూడండి. మునిగేవాళ్ళు సీజనుకి ముందే నఖుదా దగ్గర అడ్వాన్సు తీసుకునేవారు. ముత్యాలు సరిగ్గా పడకపోతే ఆ అప్పు వచ్చే ఏటికి పాకేది, తండ్రి పోతే కొడుకు మీద పడేది. అందుకే నహ్హామ్ పాటల్లో దేవుడి పేరు ఎంతుంటుందో ఇల్లు వదిలిన దిగులూ అంతే ఉంటుంది. పక్కనున్న బహ్రెయిన్‌లో ఇవే పాటల్ని ‘ఫిజిరీ’ అంటారు; 2021లో యునెస్కో వాటిని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

1930లలో రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. ప్రపంచమంతా ఆర్థికమాంద్యం, దాంతో పాటు జపాన్ వాళ్ళు పెంచిన కల్చర్డ్ ముత్యాలు. ఇక్కడి పడవలు ఒడ్డున పడి ఎండిపోయాయి. దుఖాన్‌లో చమురు పడి, అది ఓడలకెక్కింది 1949 చివర్లో. మధ్యలో ఉన్న ఆ ఇరవై ఏళ్ళ ఆకలి గురించి ఇక్కడి ముసలివాళ్ళు ఎక్కువ మాట్లాడరు. 2019లో తెరిచిన నేషనల్ మ్యూజియంలో ముత్యాల గది ముందు నిలబడ్డప్పుడు నాకు మా వడ్లాయనే గుర్తొచ్చాడు. దూరదేశంలో యంత్రం మీదో, తొట్టెలోనో తయారైన సరుకొచ్చి ఒక ఊరి చేతిపనిని మింగడం, మగవాళ్ళు అప్పుతో ఇల్లు దాటడం. ఈ కథ మాది మాత్రమే అనుకోవడం ఎంత అమాయకత్వం! ఖతారీలు కూడా ఒకప్పుడు అప్పు చేసి, ఎండలో పాట పాడుకుంటూ పనికి పోయినవాళ్ళే.

ఇక రెండో సంగతి మన పక్కింటిది, అంటే మలయాళీలది. గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళెవరికైనా మలయాళీలంటే కాస్త అసూయ ఉంటుంది. హోటళ్ళు వాళ్ళవే, కిరాణా కొట్లు వాళ్ళవే, పాట కూడా వాళ్ళదే. మలబారు ముస్లింల మాప్పిళ పాటల్లో ‘కత్తు పాట్టు’ అని ఒక రకం ఉంది. కత్తు అంటే ఉత్తరం. భార్య భర్తకి రాసిన ఉత్తరమే పాట అన్నమాట. ఈ పద్ధతి పాతదే. పులిక్కోట్టిల్ హైదర్ అనే కవి, బళ్ళారి జైల్లో ఉన్న భర్తకి మరియక్కుట్టి అనే భార్య రాసిన ఉత్తరంగా ఒక పాట కట్టాడు. దాన్నే 1970లలో నిలంబూరుకి చెందిన ఎస్.ఏ. జమీల్ దుబాయికి తిప్పాడు. ఈసారి భర్త ఉన్నది జైల్లో కాదు, గల్ఫ్‌లో. మనిషిని ఇంటికి పోనివ్వని చోటు ఏదైతేనేం అని జమీల్‌కి తోచిందేమో!

డబ్బు వస్తోంది, మనిషి రావడం లేదు, వయసు పోతోంది అని ఆ భార్య మొగుణ్ణి నిలదీస్తుంది. ఆ రోజుల్లో ఆడదాని నోట అలాంటి మాట పైకి చెప్పించడం మామూలు సాహసం కాదు. పాట కేసెట్ల మీద కేరళ అంతా, గల్ఫ్ అంతా పాకింది. తర్వాత జమీల్ దానికి భర్త రాసిన జవాబు కూడా పాటగా కట్టాడు. ఆయన 2011లో పోయాడు. మా ఆఫీసులో ఒక పెద్దాయన, రిటైరై వెళ్ళిపోయాడు, ఆ పాట సంగతి ఎత్తగానే గ్లాసు కింద పెట్టేసేవాడు. ‘మా అమ్మ ఇది విననిచ్చేది కాదు’ అన్నాడొకసారి. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు.

మాకు, అంటే ఉత్తర తెలంగాణ వాళ్ళకి, అలాంటి పాట ఉండేదా? 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ అంతా కట్టడాలు మొదలైనప్పుడు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మగవాళ్ళు బయల్దేరారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు ఇళ్ళలో పనికి కువైట్ పోయారు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకింటికి మస్కట్ నుంచి కేసెట్ వచ్చేది. పాటల కేసెట్ కాదు, మాటలది. చదువు రాని మనిషి, ఉత్తరం రాయించుకోవడం ఇష్టం లేక టేప్ రికార్డరులో మాట్లాడి, ఊరికి వచ్చేవాడి చేతికిచ్చి పంపేవాడు. వాళ్ళింట్లో టూ ఇన్ వన్ కూడా ఆయన తెచ్చిందే. వీధంతా చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. అందరి పేర్లూ చెప్పి ‘మంచిగున్నరా’ అనేవాడు. బర్రె పేరు కూడా చెప్పేవాడు. నా పేరు వచ్చే వరకు నేను ఊపిరి బిగబట్టి వినడం నాకింకా గుర్తుంది. వచ్చింది కూడా, ఒకసారి.

పాటలో పేరుకి ఉన్న బలం అదేనేమో. 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా చివర్లో బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడిన పాట మీరు వినే ఉంటారు. చావు జరిగిన ఇంటి ముందు నిలబడి, పోయినవాడి గురించి, అతని కుటుంబం గురించి పాడతారు. తెలంగాణ ఊళ్ళలో తెర కట్టి ఆ సినిమా చూసి జనం బావురుమన్నారు. ఆ పాట సినిమా కుటుంబం గురించే, పేర్లన్నీ ఆ కథలోవే. అయినా చూసిన ప్రతివాడూ ఆ పేర్ల చోట తన ఇంటి పేర్లు పెట్టుకున్నాడు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు. పేరు లేకుండా ‘ఒక కుటుంబం’ అని పాడి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదని నా నమ్మకం.

గద్దర్ విషయంలోనూ ఇదే చూశాను. నినాదాల పాటలు సభల్లో గొంతు కలపడానికి పనికొచ్చాయి గానీ, మా ఇంట్లో మా అమ్మ కూనిరాగం తీసింది మాత్రం 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’లో ఆయన రాసిన అన్నాచెల్లెళ్ళ పాట. మా అమ్మకి ఆయన రాజకీయాలు పడవు. పాట రాసింది ఆయనే అని నేను చెప్పినప్పుడు కాసేపు ఆగి, ‘అయితేంది, ఆయనకు చెల్లెలు లేదా’ అంది. (గద్దర్ అన్న పేరు 1913లో అమెరికా పశ్చిమ తీరంలో పంజాబీ వలస కూలీలు పెట్టిన గదర్ పార్టీ నుంచి తీసుకున్నదని మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళూ తమ పత్రికలో కవిత్వం వేసుకున్నారు. వలసపోయినవాడికి ముందు అన్నం, తర్వాత పాట కావాలి కాబోలు.)

వెంకన్న గారి దగ్గరికి వస్తే, ఆయనది పాలమూరు. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని గౌరారం. తండ్రి యక్షగానం ఆడిన మనిషి. పాలమూరు కూలీలు గల్ఫ్ దాకా రాకముందే దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా మట్టి మోశారు. అంటే ఊరు ఖాళీ అవడమంటే ఏమిటో ఆయన కళ్ళముందు చూసి పెరిగాడు. ఆయన పాటలో ‘వలస బాధాకరం’ లాంటి మాటలుండవు. వాగు ఎండింది, కొలిమి ఆరింది, మగ్గం ఆగింది, ఫలానా చెట్టు లేదు. అన్నీ వస్తువులే. జాబితా రాసినట్టే ఉంటుంది. ఏడుపంతా వినేవాడికి వదిలేస్తాడు. ‘పల్లె కన్నీరు’ పాట 2002లో ‘కుబుసం’ సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ గొంతులో రాష్ట్రమంతా మోగింది. 1991 తర్వాత వచ్చిన ఆర్థిక మార్పులు ఊరికి ఏం చేశాయో పుస్తకాలు ఎంత చెప్పినా ఆ ఒక్క పాట చెప్పినంత మందికి చెప్పలేకపోయాయి. తెలంగాణ ఉద్యమంలో అది పాడని సభ లేదు. ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి ఆయనకి 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ పాటలో గల్ఫ్ మీద పెద్దగా ఏమీ లేదు. అయినా ఇక్కడి క్యాంపు గదుల్లో, ఫోన్లలో నేను ఎక్కువసార్లు విన్నది అదే. జమీల్ మలయాళీలకి ఉత్తరం రాసిచ్చాడు. మనవాళ్ళకి వెంకన్న ఇచ్చింది, ఉత్తరం పోస్టు చెయ్యాల్సిన ఊరు ఎలా ఉండేదో ఆ లెక్క.

2002లోనే నేను ఇంజనీరింగ్ పూర్తి చేసి హైదరాబాదు బస్సెక్కాను. ఆ బస్సులో ఆ పాట వేశారు. కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను, సిగ్గు లేకుండా చెబుతున్నా. అప్పటి నుంచి అది నా పాట. ఆ వడ్లాయన అడిగాక ఆలోచించాను: నేను దేనికి ఏడ్చాను? ఊరు వదిలినందుకు. ఊళ్ళో నేను పోగొట్టుకున్నదేమిటి? మాకు జగిత్యాల బజారులో దుకాణం ఉండేది. మొదట స్టీలు సామాను, తర్వాత ప్లాస్టిక్ బిందెలు, తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు. లారీలో సరుకు దిగిన రోజు మా ఇంట్లో పాయసం. కుమ్మరి కుండ ఎందుకు అమ్ముడుపోలేదు, వడ్లాయన చేసిన పీట ఎవరు కొనలేదు అని ఆ పాట అడుగుతుంటే జవాబు మా దుకాణంలో వరసగా పేర్చి ఉంది. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ కుర్చీల్లోంచే వచ్చింది. చరణాలు కత్తిరించేటప్పుడు నా చెయ్యి నేరుగా అక్కడికే పోవడం కేవలం ఐదు నిమిషాల లెక్కేనా? అవునని ప్రమాణం చెయ్యలేను.

ఈ మాట ఆయనకి చెప్పాను, ఒక శుక్రవారం ఏషియన్ టౌన్‌లో కలిసినప్పుడు. మా నాన్నది ఫలానా దుకాణం, నాకు అదోలా ఉందన్నా అని. ఆయన పెద్దగా నవ్వాడు. “అసుంటి కుర్చీలు మా ఇంట్ల గూడ నాలుగున్నయి సార్. మా నాయినే కొన్నడు. చెక్క కుర్చీ బరువు, లేవట్టుడు కష్టమన్నడు.”

2020 మార్చి 17న కరోనా కారణంగా ఇండస్ట్రియల్ ఏరియాలో మొదటి 32 వీధుల్ని మూసేశారు. మా ఐన్ ఖాలిద్‌లో మేం ఇళ్ళ నుంచి ఆఫీసు పని చేసుకుంటూ, పిల్లల ఆన్‌లైన్ క్లాసుల గురించి గొణుక్కుంటూ ఉన్నాం. పది నిమిషాల దూరంలో పోలీసు బారికేడ్లు. ఆయన లోపల ఉండిపోయాడు. ఒక్కో గదిలో ఎనిమిది మంది. ఫోన్ చేశాను. సరుకులు అందుతున్నాయన్నాడు, జీతం సంగతి అడిగితే దాటేశాడు. ఏమన్నా పంపాలా అంటే మొదట వద్దన్నాడు. తర్వాత రాత్రి పదింటికి మెసేజీ వచ్చింది, గొంతు రికార్డు చేసి: గదిలో పిల్లలు నిద్రపోతలేరు, మీరు ఆ పాట పాడి పంపుండ్రి, పూర్తిగ.

యూట్యూబులో అసలు పాట దొరుకుతుంది, నా గొంతెందుకు అన్నాను. “అది విన్నం సార్. మీరు మాది ఎగవెట్టిండ్రు గద. అందుకని మీరే పాడాలె.”

అపార్ట్‌మెంటు కాదు, విల్లా అయినా గోడలు పల్చనివే. పిల్లలు పడుకున్నాక కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, ఫోన్లో పాడాను. ఏమీ వదల్లేదు. తొమ్మిది నిమిషాలు వచ్చింది. ఆ చరణం నాకు నోటికి రాదని అప్పుడు తెలిసింది. పద్దెనిమిదేళ్ళుగా నాది అనుకున్న పాటలో సగం నేనెప్పుడూ నేర్చుకోలేదు. కాగితం మీద రాసుకుని, డాష్‌బోర్డు వెలుతురులో చూసుకుంటూ పాడాను.

పంపాక రెండు టిక్కులు నీలం అయ్యాయి. చాలాసేపు ఏమీ రాలేదు. పన్నెండు దాటాక ఫోన్ మోగింది.

“విన్నం సార్, అందరం విన్నం. గని మీరు బాడిశ అనే కాడ ఉలి అన్నరు. ఉలి వేరు, బాడిశ వేరు. మళ్ళ పాడుండ్రి.”

కారు తాళాలు తీసుకుని మళ్ళీ కిందికి దిగాను.